కందిమల్లాయపల్లె నుండి బ్రహ్మంగారిమఠము దాక : ఒక ఊరి పుట్టుక, పెరుగుదల

ఊళ్ళ పుట్టుపూర్వములు వెదకువారు సాధారణముగ మూడు చోట్లకు పోవుదురు. ఒకటి కోటగోడ, రెండవది చెరువుకట్ట, మూడవది సంతబయలు. రాజు కోట కట్టించిన చోట సైనికులును, వారికి కావలసినవి సమకూర్చువారును చేరగా పేట వెలయును. చెరువు నిలిచిన చోట సేద్యము, సేద్యము వెంట పల్లె. బాటలు కలిసిన చోట బేరసారములు. మన కడప జిల్లాలో ఈ మూడింటికిని దృష్టాంతములు దగ్గరలోనే దొరకును. గండికోట, సిద్ధవటము కోటల ఊళ్ళు. పోరుమామిళ్ళ చెరువు ఊరు. ప్రొద్దుటూరు వర్తకపు ఊరు. ఈ లెక్కలో దేనిలోను ఇమడని ఊరు ఒకటి మన జిల్లాలోనే ఉన్నది. దానికి కోట లేదు, పేరుగల రాజు లేడు, పెద్ద బాటల కూడలి కాదు. ఒక చేతిపనివాని ఇల్లు, ఆ ఇంటి బావి, అతని సమాధి - ఈ మూడే దాని మూలధనము. అది బ్రహ్మంగారిమఠము.

బస్సుల పలకల మీద 'బి.మఠం' అని, వాడుకలో ఉత్త 'మఠం' అని పిలువబడు ఈ ఊరి పాతపేరు కందిమల్లాయపల్లె. మైదుకూరు, బద్వేలు, పోరుమామిళ్ళల నడుమ, నల్లమల కొండల అంచున ఉన్నది. మనిషి పేరునకు 'పల్లె' చేర్చిన గ్రామనామములు మన సీమలో ఎన్నియో కలవు. మల్లయ్య అను నతడెవరో మొదట ఇక్కడ నాగలి పూన్చియుండునని ఆ పేరే చెప్పుచున్నది. కావున ఈ ఊరు రెండుసార్లు పుట్టినదని చెప్పవచ్చును. మల్లయ్య పేరిట పల్లెగా ఒకసారి, వీరబ్రహ్మము పేరిట మఠముగా మరియొకసారి. మొదటి పుట్టుక నుండి మనకు మిగిలినది పేరొక్కటే. రెండవదానిని గురించి కథలు కావలసినన్ని ఉన్నవి. కథలు చరిత్ర కావు. అట్లని చరిత్రకు పనికిరానివియు కావు. ఎటు చదువవలెనో తెలిసిన వారికి అవి శాసనములవలెనే మాటలాడును.

సంప్రదాయము ప్రకారము పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1608లో జన్మించి 1693లో సజీవ సమాధి పొందిరి. పాపఘ్ని నది పుట్టుచోట, నంది కొండల సీమలో, వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ అను దంపతులు ఆయనను పెంచిరి. యౌవనమున ఇల్లు విడిచి దేశాటనము చేయుచు బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పసులకాపరిగా కుదిరిరి. పసులను రవ్వలకొండ మీద మేతకు విడిచి, అక్కడి గుహలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసిరని ప్రతీతి. అచ్చమ్మ శిష్యురాలైన పిమ్మట ఆయన అక్కడ నిలువక కందిమల్లాయపల్లెకు వచ్చిరి. ఇచట ఆయన చేపట్టినది గురుపీఠము కాదు, బాడిసె, ఉలి. వడ్రంగము చేసి బ్రతికిరని అన్ని కథలును ఏకకంఠముగా చెప్పుచున్నవి.

ఈ చిన్న విషయము ముఖ్యమైనది. పరాయి మనిషిని పల్లె ఊరకనే చేరనీయదు. ఆ కాలము అట్టిది. 1650లో మీర్ జుమ్లా గోలకొండ పక్షమున గండికోటను పట్టుకొనెను. 1687లో గోలకొండయే ఔరంగజేబు వశమయ్యెను. పాలెగాండ్రు, దండులు, పన్నులు వసూలు చేయువారు - వీరిలో ఎవరు ఎప్పుడు వచ్చి పడుదురో తెలియని రోజులలో కొత్తవానిని చూచి జనము జంకుట సహజము. కాని నాగలికి మేడి పగిలినను, బండికి ఇరుసు విరిగినను, తలుపునకు గడియ ఊడినను వడ్రంగి కావలెను. పని తెలిసినవానికి పల్లెలో చోటు దొరకును. కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, బంగారుపని అను పంచవృత్తుల విశ్వబ్రాహ్మణులు ఏ ఊరికి పోయినను వారి పనిముట్లే వారికి పరిచయపత్రములు. ఈ ఊరి రెండవ పుట్టుకకు మొదటి కారణము ఇదేనని నా అభిప్రాయము.

తరువాత పోలేరమ్మ కథ. గ్రామదేవతకు ఉత్సవము చేయదలచి ఊరివారు ఇల్లిల్లు తిరిగి చందా వసూలు చేయుచు కొత్తగా వచ్చిన వడ్రంగి ఇంటికిని వచ్చిరట. ఆయన చుట్ట కాల్చుకొనుటకు నిప్పు కావలెనని పోలేరమ్మను పిలువగా, ఆమె స్వయముగా నిప్పు తెచ్చి ఇచ్చెనట. భక్తులు దీనిని మహిమగా చెప్పుకొందురు. చరిత్ర విద్యార్థి దీనిలో మరి రెండు సంగతులు చూడవలెను. మొదటిది: ఉత్సవపు చందా అడుగుట యనగా ఆ మనిషిని ఊరిలోనివానిగా లెక్కించుట. పొలిమేర లోపలి ఇండ్లనే చందా అడుగుదురు గాని దారినపోవువానిని అడుగరు. చందా ఇచ్చిన వానికి ఊరి కట్టుబాటులో పాలు వచ్చును. రెండవది: కథ చివర ఊరి పాతదేవత కొత్తవానిని గుర్తించినది. ఊరి పెద్దలకంటె ముందుగా ఊరి అమ్మ ఒప్పుకొన్నదని కథ చెప్పుచున్నది. పరాయివాడు ఊరివాడగుటకు ఇంతకు మించిన పట్టా ఏమి కావలెను? ఇక ఆ చుట్ట సంగతి. పొగాకు పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చి, 17వ శతాబ్దములో తెలుగునేలన సాగైన పంట. ఆ విధముగ చుట్ట కూడ కథకు తన కాలపు ముద్ర వేసినది.

బ్రహ్మముగారి ఇంటి బావిని ఒక్క రాత్రిలో ఆయనయే త్రవ్విరని స్థానికులు చెప్పుదురు. ఒక్క రాత్రియా, అనేక రాత్రులా అను విచారణ అట్లుండనిండు. బావి కథ ఇంతగా నిలుచుటకు కారణము ఈ నేల దప్పిక. పోరుమామిళ్ళ చెరువును 1369లో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించెను. అనంతరాజసాగరము అను పేరుగల ఆ చెరువు శాసనములో, వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పని చేసినట్లు చెక్కియున్నది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములు, ఉండరాని ఆరు దోషములు కూడ అందులో వివరింపబడినవి. నీటికొరకు రాజకుమారుడు అంత యత్నము చేయవలసివచ్చిన సీమలో, ఒక వడ్రంగి తన చేతులతో బావి త్రవ్వుకొని నీరు చూచుట జనులకు మహిమగా తోచినచో వింత లేదు. చెరువు వెనుక వేయిమంది కలరు. బావి వెనుక ఒక్కడే. ఊరు ఆ ఒక్కని పేరునే పెట్టుకొన్నది.

జమ్మలమడుగు ప్రాంతపు పెదకొమ్మెర్లకు చెందిన శివకోటయాచార్యుల కుమార్తె గోవిందమ్మను వివాహమాడి ఆయన ఇక్కడ స్థిరపడిరి. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. సంసారము ఏర్పడుటతో ఇల్లు నిలిచినది. శిష్యులు చేరుటతో ఇల్లు మఠమైనది. ఆ శిష్యులలో ముఖ్యుడు ముడుమాల సిద్ధయ్య. దూదేకుల కుటుంబమున పుట్టినవాడు. దూది ఏకుట కులవృత్తిగా గల ఈ ముస్లిములకు తెలుగే ఇంటిభాష. మన కళాశాల వంటి చోట, ఉర్దూ తరగతినుండి తెలుగు తరగతికి నడచిపోవు విద్యార్థులున్న చోట, సిద్ధయ్య కథకు వేరుగ పరిచయము అక్కరలేదు. మరియొక శిష్యుడు కక్కయ్య తోలుపని చేయు కులమువాడు. వడ్రంగి గురువు, దూదేకుల శిష్యుడు, తోలుపనివాడగు శిష్యుడు - ముగ్గురును చేతిపనివారే. అప్పటి అగ్రహారములలో దొరకని కలయిక ఇది.

కుమారుడు మతము మారిపోయెనని సిద్ధయ్య తండ్రి నవాబునకు ఫిర్యాదు చేయగా, నవాబు ఎదుట సిద్ధయ్య ఒక బండరాతికి నమస్కరించిన వెంటనే అది పగిలిపోయెనని కథ. ఇచ్చట కాలనిర్ణయమును గూర్చి జాగ్రత్త అవసరము. కడపను ఏలిన మయానా నవాబుల ప్రాబల్యము 18వ శతాబ్దపు సంగతి. అంతకు ముందు, 17వ శతాబ్దపు ఉత్తరార్ధమున, గోలకొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ ఈ సీమను పాలించెను. ఆయన పేరిటనే కడపకు నేక్‌నామాబాదు అను పేరు వచ్చినది. కథలోని 'నవాబు' అనునది అధికారమునకు జనులిచ్చిన పేరేగాని, ఫలానా వ్యక్తి అని పట్టుపట్టుట తగదు. అంతకంటె ముఖ్యమైనది కథ ముగింపు. అధికారి శిక్షింపక గౌరవించి పంపివేసెను. కందిమల్లాయపల్లె మఠమునకు పాలకులవలన ఆటంకము లేదని జనులకు ఈ కథ ధైర్యము చెప్పెను. దూరపు ఊళ్ళవారు రాకపోకలు సాగించుటకు అట్టి ధైర్యము ఆవశ్యకము.

1693 వైశాఖ శుద్ధ దశమినాడు బ్రహ్మముగారు సమాధిలో ప్రవేశించిరి. ఆ వేళకు సిద్ధయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపిరట. తిరిగి వచ్చి, గురువు కానరాక విలపించిన శిష్యునకు సమాధి లోపలినుండియే దండము, కమండలము, పాదుకలు, ముద్రిక ఇచ్చిరని చెప్పుదురు. వానితో సిద్ధయ్య ముడుమాల చేరగా అచటను మఠము వెలసినది. బ్రహ్మముగారి కుమారుడు గోవిందయ్యగారి కుమార్తె ఈశ్వరమ్మ యోగినిగా ప్రసిద్ధి చెందగా, కందిమల్లాయపల్లెలోనే ఆమె పేరిట మరియొక మఠము ఏర్పడినది. ఒక్క సమాధి ఉన్న ఊరు ఒక్క దినపు యాత్రకు సరిపోవును. తాత సమాధి, మనుమరాలి మఠము, పాత ఇల్లు, బావి, పోలేరమ్మ గుడి, కొంత దూరమున శిష్యుని మఠము - ఇన్ని చూడవలసి వచ్చిన యాత్రికుడు రాత్రి నిలువవలెను. రాత్రి నిలిచిన వానికి అన్నము, పడక, నీరు, దీపము కావలెను. ఊరి పెరుగుదలకు బీజము అచ్చటనే ఉన్నది.

ఈ విషయమున మన రాయలసీమలోనే సరిపోల్చదగిన ఊరు మంత్రాలయము. తుంగభద్ర ఒడ్డున మంచాల అను పల్లె అది. 1671లో రాఘవేంద్రస్వామి అక్కడ బృందావన ప్రవేశము చేసిరి. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఆ గ్రామమును స్వామికి ఇచ్చెనని ప్రసిద్ధి. అదే శతాబ్దము, అదే సీమ, పాతపేరును మ్రింగిన కొత్తపేరు. భేదము కూడ ఉన్నది. మంత్రాలయమునకు శాస్త్రపండితుల పరంపర, సంస్థానముల ఆదరణ, పక్కన జీవనది. కందిమల్లాయపల్లెకు ఇవేవియు లేవు. మరి జనము ఎట్లు వచ్చిరి?

పాట మూలమున వచ్చిరి. బ్రహ్మముగారి తత్త్వములను, సిద్ధయ్య పేర చెప్పబడు పదములను ఏకతారతో, చిడతలతో పాడుచు తిరుగువారు రాయలసీమలోను, తెలంగాణములోను, కన్నడదేశపు తెలుగు పల్లెలలోను ఉండిరి. చదువురానివారు కూడ కాలజ్ఞానమును నోటితో నేర్చిరి. పిదప అచ్చుయంత్రము వచ్చినది. జాతరలలో తక్కువ వెలకు అమ్ము కాలజ్ఞానపు పుస్తకములు ఇంటింటికి చేరినవి. పల్లెలలో రాత్రంతయు ఆడు బ్రహ్మంగారి నాటకమును చూచి పెరిగిన తరములెన్నియో. 1984లో నందమూరి తారక రామారావు తానే నిర్మించి, నటించి, దర్శకత్వము వహించిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' చలనచిత్రము విడుదలైనది. ఆయన అప్పుడు ముఖ్యమంత్రి కూడ. పాటకునిచేత మొదలైన ప్రచారమును వెండితెర పూర్తిచేసినది. సమాధి మండలపు పేరు ఎరుగని కోస్తావారికి కూడ తెలిసినది.

ఆరాధన వైశాఖ మాసమున జరుగుట కూడ ఊరికి మేలు చేసినది. అది మండువేసవి. పంటలు ఇల్లు చేరి, తొలకరికి ముందు ఎద్దులకును మనిషికిని పని లేని నెల. బండ్లు కట్టుకొని కుటుంబముతో కదలుటకు రైతునకు, చేతిపనివానికి అంతకంటె తీరిక లేదు. ఎడ్లబండ్ల కాలము పోయి బస్సుల కాలము వచ్చినను ఆరాధన నాటి రద్దీ తగ్గలేదు.

వచ్చినవారికొరకు సత్రములు లేచినవి. వాటిని కట్టించినవారు వేర్వేరు కులములవారు. పలకలమీద ఆ కులముల పేర్లే. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. తోలుపనివానిని, దూదేకులవానిని సరసన కూర్చుండబెట్టుకొన్న గురువు ఊరిలో, ఆయన భక్తులే కులమునకొక పంక్తి ఏర్పాటు చేసికొనిరి. దీనిని చూచి కొందరు నవ్వుదురు. కాని ప్రభుత్వము గాని, పెట్టుబడిదారులు గాని ఒక్క గది కూడ కట్టని దినములలో యాత్రికునకు నీడ ఇచ్చినవి ఈ సత్రములే అనునదియు నిజము. ఊరి ఇండ్లవరుస పెరిగినది వీనివలననే. రెండు సత్యములను ఒక్కచోటనే ఉంచి చూడవలెను.

1985లో తాలూకాలను తొలగించి మండలములను ఏర్పరచినప్పుడు ఈ ఊరు మండలకేంద్రమైనది. మండల కార్యాలయము, పోలీసు ఠాణా, వాటిలో పనిచేయువారి కాపురములు వచ్చినవి. అంతవరకు ఆరాధనకు, శివరాత్రికి మాత్రమే నిండు అంగళ్ళకు ఏడాది పొడవునను బేరము తగులుకొన్నది. యాత్రాస్థలము పట్టణమగుటకు ఈ తేడాయే ప్రధానము. మల్లయ్యపేరు దాదాపు కాగితములకు పరిమితమై, మండలమునకు కూడ మఠము పేరే నిలిచినది. పొరుగు మండలము ఒకటి అవధూత కాశినాయన పేరు ధరించుట గమనింపదగినది. రాజుల పేర్లకంటె సాధువుల పేర్లు ఈ మెట్టసీమ పటముపై ఎక్కువ నిలిచినవి.

వ్యక్తిపేర పుట్టిన ఊరికి ఒక చిక్కు ఉన్నది. అది ఆ వ్యక్తి వంశముతో ముడిపడియుండును. దీనికి దూరదేశపు పోలిక ఒకటి ఉపకరించును. ఆఫ్రికాలో, నైజీరియా పశ్చిమ భాగమున యొరుబా జనులు పురాతనకాలమునుండి పట్టణవాసులు. వారి ఊళ్ళలో కొన్ని యుద్ధములవలన పుట్టినవి. అబెయొకుటా అట్టిది. 1830 ప్రాంతమున యుద్ధములవలన ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న ఎగ్బా శాఖవారు సొడెకె అను నాయకుని వెంట వచ్చి ఒలుమో అను పెద్ద బండకు దిగువన తలదాచుకొనిరి. ఆ ఊరి పేరునకు 'బండ క్రింద' అనియే అర్థము. మరికొన్ని ఒంటరి మనిషివలన పుట్టినవి. ఒగ్బొమొషొ పట్టణమును ఒగున్లొలా అను వేటగాడు స్థాపించెనని అచ్చటివారి కథనము. ఆ వేటగాని నివాసమే క్రమముగ పాలకుని నగరుగా మారినది. యొరుబా ఊళ్ళలో సాధారణముగ నగరు ఎదుట సంత కూడును. మూలపురుషుని వంశపు శాఖలనుండియే పాలకుని ఎన్నుకొందురు. మన మఠమున అచ్చటి వేటగానికి బదులు వడ్రంగి, నగరునకు బదులు సమాధి, సంతకు బదులు సత్రములవీధి. వారసత్వమును గూర్చిన తగవులు అక్కడను ఉన్నవి, ఇక్కడను ఉన్నవి. 2021లో మఠాధిపతి కోవిడ్ వ్యాధితో మరణించిన పిమ్మట పీఠము ఎవరిదను వివాదము కుటుంబములో తలయెత్తి, దేవాదాయశాఖను దాటి హైకోర్టు దాక వెళ్ళినది. మఠమే ఊరికి ఆధారమైనప్పుడు అట్టి వివాదము ఒక ఇంటి విషయమై ఊరకుండదు. పూలు అమ్ముకొనువాని మొదలు సత్రపు వంటవాని వరకు అందరి చెవులును కోర్టువైపే ఉండును.

చివరకు మరల నీటి సంగతి. 1983లో ప్రారంభమైన తెలుగుగంగ పథకమున, శ్రీశైలపు కృష్ణాజలము పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగ వెలుగోడు జలాశయమునకు, అటనుండి కాలువద్వారా కడప జిల్లాకు వచ్చును. మదరాసు నగరమునకు 15 టి.ఎం.సీల త్రాగునీరు ఇచ్చుట, దారిలోని రాయలసీమ, నెల్లూరు మెట్టభూములను తడుపుట దాని ఉద్దేశములు. ఆ కాలువ నీటిని నిలువచేయుటకు ఈ ఊరి చెంతనే జలాశయము కట్టిరి. సుమారు 17 టి.ఎం.సీల నీరు పట్టు ఆ జలాశయమునకు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరే పెట్టిరి. జనులు బ్రహ్మంసాగర్ అందురు. ఒంటి మనిషి త్రవ్వినదని చెప్పు బావికిని, ఈ సాగరమునకును ఒకటే పేరు. మఠమునకు వచ్చు యాత్రికుడు ఇప్పుడు కట్టమీదికి పోయి నీరు చూచి రాకుండ మరలడు.

అయితే ఆ నీటి అడుగున కొన్ని పల్లెలున్నవి. జలాశయము కొరకు ఇండ్లు, పొలములు వదలిన కుటుంబములు వేరుచోట్ల మరల గోడలు లేపుకొన్నవి. కందిమల్లాయపల్లె పేరు మారినను ఊరు నిలిచినది. ఆ పల్లెలకు పేరు ఉన్నది, ఊరు లేదు. వాటి చేల పేర్లు, బావుల పేర్లు, గ్రామదేవతల గుళ్ళు ఎక్కడ ఎటువైపు ముఖముతో ఉండెనో ఇప్పటికిని ముసలివారికి జ్ఞాపకమున్నవి. ఆ కుటుంబములనుండి వచ్చిన విద్యార్థులు మన తరగతులలో ఉన్నచో, రాబోవు సెలవులలో అవ్వతాతల చెంత కూర్చుండి ఆ పేర్లను, పల్లె పటమును ఒక నోటుపుస్తకమున వ్రాసి తేవలెనని కోరుచున్నాము. వచ్చు సంచికలో వాటికి పుటలు కేటాయింతుము.